గుడ్లు కనిపిస్తున్నాయి, పిల్లలేవి?

ప్రశ్న: మా ఇంట్లో 60 లీటర్ల అక్వేరియం ఉంది. కొన్ని మొక్కలు, ఎనిమిది నియాన్ టెట్రాలు, ఐదు గప్పీలు, ఒక డ్వార్ఫ్ గౌరామి ఉన్నాయి. నాలుగు నెలల కిందట పది రెడ్ చెర్రీ రొయ్యలు వేశాను. ఆడ రొయ్యల పొట్ట కింద గుడ్లు చాలాసార్లు చూశాను. మూడు నాలుగు వారాలకు గుడ్లు మాయమవుతాయి, పిల్ల మాత్రం ఒక్కటీ కనబడదు. ఈ నెలలో రెండు పెద్ద రొయ్యలు చనిపోయాయి. వాటి వీపు దగ్గర చుట్టూ తెల్లటి గీత ఉంది. నీళ్లు శుభ్రంగా ఉండాలని రెండు నెలలుగా ప్రతి ఆదివారం సగం తీసేసి ఆర్‌ఓ నీళ్లు పోస్తున్నాను. గుడ్లున్న రొయ్యను నెట్ బాక్సులో పెట్టమని ఒకరు, చేపలన్నీ తీసేయమని మరొకరు అంటున్నారు. నాకు రెండూ కావాలి. చేపల మధ్యే రొయ్యలు పిల్లలు పెట్టి పెరిగే దారి ఉందా? అమానో రొయ్యలు, నీలం రంగు రొయ్యలు కూడా వేయవచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ రొయ్యలు పిల్లలు పెడుతూనే ఉన్నాయి. ఈ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో వాటికి అసలు సంతానమే నిలవడం లేదేమోనన్న దిగులు కనిపిస్తోంది. చెర్రీ రొయ్య గుడ్లు పొదగడానికి నీటి వేడిని బట్టి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. 26 డిగ్రీల దగ్గరైతే మూడు వారాలకు కాస్త అటూ ఇటూ, 22 డిగ్రీల దగ్గరైతే నెల దాకా. మీరు చెప్పిన లెక్క దానికి సరిగ్గా సరిపోతోంది. మొదటిసారి గుడ్లు మోస్తున్న తల్లి బెదిరినా, గుడ్లు సరిగ్గా ఫలదీకరణ కాకపోయినా చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే రాల్చేస్తుంది. మూడు వారాలు దాటించిందంటే అది పని పూర్తిచేసినట్టే.

ఈసారి ఒక చిన్న పరీక్ష చేయండి. మొబైల్ కెమెరాను అద్దానికి ఆనించి గుడ్లను దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. కొత్త గుడ్లు పసుపుగానో పచ్చగానో ఒకే రంగు ముద్దలా ఉంటాయి. పొదిగే ముందు కొన్ని రోజులు ఒక్కో గుడ్డులో రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి లోపలి పిల్ల కళ్లు. ఆ కళ్లు చూసిన తర్వాత గుడ్లు మాయమైతే ఇక అనుమానం అక్కర్లేదు, పిల్లలు మీ ట్యాంక్‌లోకి వచ్చాయి. వచ్చాక ఏమయ్యాయన్నదే ప్రశ్న.

దానికి జవాబు మీకూ తెలుసనుకుంటాను. కానీ పిల్లల సంగతికి ముందు ఆ తెల్ల గీత సంగతి చూడాలి. అది పిల్లలు చనిపోవడం కంటే పెద్ద విషయం. పెద్దవే పోతుంటే పిల్లల కోసం చేసే ఏర్పాట్లన్నీ వృథా.

రొయ్య పెరగాలంటే గుల్ల విడవాలి. తల పెంకుకూ తోక భాగానికీ మధ్య మెడ దగ్గర గుల్ల పగులుతుంది. ఆ సందులోంచి రొయ్య ఒక్క ఊపుతో బయటకు దూకుతుంది. పగులు పైభాగంలోనే రాకుండా నడుము చుట్టూ ఉంగరంలా తెరుచుకుంటే రొయ్య దాంట్లోంచి బయటకు రాలేదు, చాలావరకు అక్కడే చనిపోతుంది. మీరు చూసిన తెల్ల గీత అదే. నీటిలో కాల్షియం, మెగ్నీషియం తక్కువైనప్పుడు, లేదా నీటి గుణం ఒక్కసారిగా మారి రొయ్య సిద్ధంగా లేకముందే గుల్ల విడవాల్సి వచ్చినప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీరు చేస్తున్న పనిలో ఈ రెండూ ఉన్నాయి.

ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు. వారానికి సగం చొప్పున అవే పోస్తే మొదటి వారానికి ట్యాంక్‌లో ఖనిజాలు సగమవుతాయి, రెండో వారానికి నాలుగో వంతు, నాలుగో వారానికి పదహారో వంతు. రాళ్ల నుంచి, మేత నుంచి కొంత తిరిగి చేరుతుంది కాబట్టి లెక్క అంత కచ్చితంగా నడవదు, కానీ రెండు నెలల్లో మీ నీళ్లు బాగా పలచబడ్డాయన్నది మాత్రం నిజం. మనం తాగడానికి మంచి నీళ్లు వేరు, రొయ్య బతకడానికి మంచి నీళ్లు వేరు. మీరు ప్రేమతోనే చేశారు. ఇప్పుడు అదే శ్రద్ధ ఇంకో వైపు పెట్టాలి. గప్పీలకు కూడా ఖనిజాలున్న నీళ్లే నప్పుతాయి కాబట్టి ఈ మార్పుతో అవీ తేరుకుంటాయి.

ఒక జీహెచ్ (నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెప్పే కొలత) టెస్ట్ కిట్ కొనండి, చుక్కలు వేసి చూసే రకం. టీడీఎస్ మీటర్ మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుంది గానీ అందులో కాల్షియం ఉందా ఉప్పు ఉందా అన్నది చెప్పదు. చెర్రీ రొయ్యలకు జీహెచ్ 6 నుంచి 10 మధ్య, కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ల కొలత) 2 నుంచి 6 మధ్య, పీహెచ్ 6.8 నుంచి 7.6 దాకా ఉంటే హాయిగా ఉంటాయి. మీ కుళాయి నీళ్లు ఈ హద్దుల్లోనే ఉంటే క్లోరిన్ పోగొట్టే మందు వేసి అవే వాడండి. మరీ కఠినంగా ఉంటే కుళాయి నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కలిపి కావలసిన జీహెచ్‌కు తెచ్చుకోండి. కుళాయి నీళ్లు వాడే పరిస్థితే లేకపోతే రొయ్యల కోసం అమ్మే మినరల్ పొడిని ఆర్‌ఓ నీళ్లలో ముందే కలిపి, కొలిచి, అప్పుడు పోయండి. ఆ పొడిని నేరుగా ట్యాంక్‌లో చల్లకండి.

ఇక్కడ తొందర వద్దు. జీహెచ్ పడిపోయిందని తెలియగానే ఒకే రోజు 2 నుంచి 8కి లాగితే అదే ఇంకో దెబ్బ అవుతుంది. వారానికి పదో వంతు, మహా అయితే ఆరో వంతు నీళ్లు మాత్రమే మార్చండి. కొత్త నీటి వేడి ట్యాంక్ నీటితో సమానంగా ఉండాలి. సన్నని గొట్టంలోంచి ధారగా, అరగంట పట్టేలా వదలండి. ఇలా నెలా నెలన్నరలో జీహెచ్ దానంతట అదే దారిలోకి వస్తుంది. విడిచిన గుల్ల కనిపిస్తే చెత్త అనుకుని తీయకండి, రొయ్యలే దాన్ని కొరుక్కుని తింటాయి.

గుల్ల బాగుపడితే సంతానం కూడా పెరుగుతుంది. ఆడ రొయ్య మెడ వెనక జీను ఆకారంలో పసుపు మచ్చ కనిపిస్తే అది ఇంకా పొట్ట కిందికి రాని గుడ్ల గుంపు. ఆ ఆడ రొయ్య గుల్ల విడిచిన వెంటనే, ఒళ్లు మెత్తగా ఉన్న ఆ కాస్త సమయంలోనే జత కడుతుంది. ఆ వాసన తగిలి మగ రొయ్యలన్నీ ట్యాంక్ అంతా పిచ్చిగా ఈదుతుంటాయి. చూసినవాళ్లకు ఏదో విషం కలిసిందని టెన్షన్ పుడుతుంది. ఆడ రొయ్యలు నిలకడగా ఉండి మగవి మాత్రమే ఇలా తిరుగుతుంటే మీరు సంతోషించవచ్చు.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. చెర్రీ రొయ్య పిల్ల పుట్టగానే తల్లికి చిన్న నకలులా ఉంటుంది. లార్వా దశ లేదు, నీటిలో తేలుతూ తిరగడం లేదు. సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుంటుంది, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. అంత చిన్నది నియాన్ టెట్రా నోటికి ఎంతో రుచైన ముద్ద. గప్పీ సరేసరి, అది కన్న పిల్లల్నే తినే చేప. ఇందులో చేపల తప్పేం లేదు. నోట్లో పట్టేది, కదిలేది కనిపిస్తే తినడం వాటి స్వభావం. కాబట్టి ఏ చేప మంచిది, ఏ చేప చెడ్డది అని వెతికే ముందు, పిల్ల మొదటి మూడు వారాలు ఎలా బతుకుతుందో తెలుసుకుంటే చాలా సమస్యలు వాటంతటవే విడిపోతాయి.

ఆ వయసులో అది మేత వెతుక్కుంటూ దూరం పోదు. పుట్టిన చోటనే పట్టుకుని, అందిన పాచి గీక్కుని తింటుంది. ఆకుల మీద, రాళ్ల మీద జిగురుగా ఏర్పడే ఆ పలచని పొరలో బాక్టీరియా, సన్నని నాచు, కంటికి కనిపించని జీవులు ఉంటాయి. అదే దాని ఆహారం. పాచి లేని చోట పుడితే ఆకలికి బయటకు రావాలి, వస్తే చేప చూస్తుంది. దాక్కునే చోటు ఉండి తిండి లేకపోయినా, తిండి ఉండి దాక్కునే చోటు లేకపోయినా పిల్ల దక్కదు. రెండూ ఒకే చోట ఉండాలి. చేపలతో పాటు రొయ్యలు పెంచడంలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మేది ఇదే.

ఈ రెండూ కలిసి దొరికేది మాస్‌లో, అంటే గుబురుగా అల్లుకునే చిన్న నీటి మొక్కలో. జావా మాస్ చాలు, అరుదైన రకాల కోసం వెతకక్కర్లేదు. కానీ ఒక చెక్కకు అందంగా చుట్టిన చిన్న ముద్ద సరిపోదు. మీ ట్యాంక్ అడుగులో మూడో వంతు దాకా, చెయ్యి పెడితే వేళ్లు కనిపించనంత దట్టంగా ఉండాలి. నియాన్ తల దూర్చలేని దట్టం అన్నమాట. గప్పీ గ్రాస్, హార్న్‌వర్ట్ లాంటివి మాస్ కంటే వేగంగా పెరుగుతాయి, వాటిని ఒక మూల గుబురుగా వదిలేయండి. పైన తేలే మొక్కలు కొన్ని ఉంటే వాటి వేర్లు కిందికి వేలాడి ఇంకో ఆశ్రయం అవుతాయి, వెలుతురు తగ్గి చేపల దూకుడు కూడా కాస్త నెమ్మదిస్తుంది.

మొక్కలు పెరిగేదాకా ఆగలేకపోతే రాళ్లతో ఒక ఉపాయం ఉంది. ఉసిరికాయంత గులకరాళ్లను కడిగి ఒక మూల గుట్టగా పోయండి. వాటి సందుల్లోకి పిల్లలు దూరతాయి, చేపలు దూరలేవు. కొన్నాళ్లకు ఆ సందుల్లో మేత నలకలు చేరి, పాచి పట్టి, అది మంచి పురిటిల్లు అవుతుంది. రాళ్లలో సున్నపురాయి ఉంటే నీరు నెమ్మదిగా కఠినమవుతుంది, ఆ సంగతి గుర్తుంచుకుని కొలుస్తూ ఉండండి. చెట్టు నుంచి రాలి పూర్తిగా ఎండిన బాదం ఆకు ఒకటి రెండు వేసినా మంచిదే. వారం పది రోజుల్లో దాని మీద పాచి పడుతుంది. నెలా రెండు నెలల్లో ఈనెలు మాత్రం మిగిలేలా తినేస్తాయి. మందు కొట్టని చెట్టు ఆకే కావాలి.

మందు మాట వచ్చింది కాబట్టి: కొత్త మొక్కలు తెచ్చిన రోజే ట్యాంక్‌లో పెట్టకండి. నత్తలు, పురుగులు రాకుండా వాటికి పురుగుమందు కొట్టి అమ్మేవాళ్లు ఉంటారు. చేపలకు ఏమీ కాని మోతాదు కూడా రొయ్యలను ఒక్క రాత్రిలో తుడిచిపెట్టేస్తుంది. వేరే బకెట్‌లో వారం రోజులు ఉంచి రోజు విడిచి రోజు నీళ్లు మార్చండి. టిష్యూ కల్చర్ కప్పుల్లో, అంటే ల్యాబ్‌లో జెల్లీలో పెంచి, వచ్చే మొక్కలకు ఈ భయం లేదు, జెల్లీ కడిగేస్తే చాలు.

ఇంకో మాట. మీరు శుభ్రత ఇష్టపడే మనిషిలా ఉన్నారు. ముందు అద్దం తుడవండి, మనకు చూడటానికి కావాలి. వెనక అద్దం, పక్క అద్దాలు మాత్రం వదిలేయండి. అక్కడ పట్టే పచ్చని పొర మీ రొయ్యపిల్లల అన్నం.

ఇక చేపలు. గౌరామిని వేరే ఇంటికి పంపండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. డ్వార్ఫ్ గౌరామి 7 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆకుల మధ్య నెమ్మదిగా తిరుగుతూ పొంచి చూసి వేటాడుతుంది, గుల్ల విడిచి మెత్తగా ఉన్న పెద్ద రొయ్యను కూడా వదలదు. మీ రొయ్యలు పగలు బయటకు రావడం లేదంటే ప్రధాన కారణం అదే అయి ఉంటుంది. గప్పీలు, నియాన్‌లు ఉండవచ్చు. అవి పెద్ద రొయ్యల జోలికి పెద్దగా పోవు, పిల్లల్ని మాత్రం కనిపించినంత వరకు తింటాయి. గప్పీలలో ఆడవి ఉంటే అవీ నెలనెలా పిల్లలు పెట్టి ట్యాంక్ నింపేస్తాయి, రొయ్యపిల్లల వెంటపడే నోళ్లు పెరుగుతాయి. మగవాటిని మాత్రమే ఉంచుకోవడం మంచిది.

ముందు ముందు చేపలు మార్చాలనుకుంటే ఓటోసింక్లస్‌ను ఎంచుకోండి. అది పాచి గీక్కుని తినే చిన్న చేప, పిల్లల్ని వేటాడదు. నాకు తెలిసినంతలో రొయ్యలకు అంతకంటే మంచి పొరుగు లేదు. అయితే కొత్త ట్యాంక్‌లో దానికి తిండి సరిపోక చనిపోతుంది, పాచి బాగా పట్టాకే తేవాలి. పిగ్మీ కోరిడోరాస్ కూడా నెమ్మదైనదే. ఈదే గుంపు కావాలంటే 2 సెంటీమీటర్లు దాటని చిల్లీ రస్బోరా, దాదాపు అంతే ఉండే ఎంబర్ టెట్రా ఉన్నాయి. వీటికి అప్పుడే పుట్టిన పిల్ల ఒకటీ అరా దొరకవచ్చు గానీ, వారం పది రోజుల పిల్ల వాటి నోటికి పెద్దదైపోతుంది. ఏంజెల్ ఫిష్, సిక్లిడ్‌లు, లోచ్‌లు, ఎంత చిన్నవైనా, రొయ్యల ట్యాంక్‌లో వద్దు. బెట్టా విషయం ఒక్కో చేప గుణాన్ని బట్టి ఉంటుంది. పిల్లలు పెరగాలన్నదే మీ కోరిక కాబట్టి ఆ పరీక్ష మీకు అవసరం లేదు.

నెట్ బాక్స్ సలహా నాకు నచ్చలేదు. గుడ్లున్న తల్లిని వలతో పట్టి చిన్న పెట్టెలో పెడితే బెదిరి గుడ్లు రాల్చే ప్రమాదం ఉంది. తల్లి తన ఈత కాళ్లతో గుడ్లకు ఎప్పుడూ నీళ్లు విసురుతూ, చెడినవి ఏరేస్తూ ఉంటుంది. రాలిన గుడ్లకు ఆ సేవ ఉండదు, అవి బూజు పడతాయి. ఒకవేళ పిల్లలు పుట్టినా ఆ పెట్టెలో గీక్కుని తినడానికి పాచి ఉండదు, మనం వేసే మేతతో నీళ్లు పాడవుతాయి.

చేపలన్నీ తీసేయక్కర్లేదు. మీ స్థితిలో నేనైతే కొన్ని నెలలపాటు రొయ్యలనే పక్కకు జరుపుతాను. మీ దగ్గర మిగిలినవి ఎనిమిది. గౌరామిని పంపేసినా ఆ ఎనిమిది మీద పదమూడు చేపల నోళ్లు. ఈ నిష్పత్తిలో ఎంత మాస్ పెట్టినా ఫలితం కనబడటానికి చాలాకాలం పడుతుంది. 20, 25 లీటర్ల చిన్న ట్యాంక్, ఎయిర్ పంపుతో నడిచే ఒక స్పాంజ్ ఫిల్టర్ తెచ్చుకోండి. ఆ స్పాంజ్‌ను ముందు ఒక నెల, నెలన్నర పాత ట్యాంక్‌లోనే నడపండి, అందులో మంచి బాక్టీరియా స్థిరపడుతుంది. ఈలోగా పైన చెప్పినట్టు పాత ట్యాంక్ జీహెచ్ కూడా దారికి వస్తుంది. తర్వాత ఆ స్పాంజ్‌ను, పాత ట్యాంక్ నీళ్లనే, కొంత మాస్‌ను, ఒక పాచిపట్టిన రాయిని కొత్త ట్యాంక్‌లోకి మార్చి, నీటిలో వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని చూసుకున్నాక రొయ్యలను వేయండి. గుడ్లు లేనివి ముందు, గుడ్లున్నవి పిల్లలు వదిలాక. వల కంటే చిన్న గిన్నెను నీటిలోనే వాటి ముందు పెట్టి నెమ్మదిగా తోలితే బెదరవు.

చేపలు లేని నీటిలో ఒక్కో తల్లి 20 నుంచి 30 పిల్లల్ని వదులుతుంది, అందులో చాలావరకు బతుకుతాయి. రెండున్నర, మూడు నెలలకు ఆ పిల్లలే గుడ్లు మోస్తాయి. అదే సమయంలో మీ పెద్ద ట్యాంక్‌లో మాస్ దట్టపడుతుంది, రాళ్ల గుట్ట పాచి పడుతుంది. అప్పుడు సెంటీమీటర్ దాటినవాటిని ముప్పై దాకా పెద్ద ట్యాంక్‌లోకి తెచ్చి, పదింటిని చిన్న ట్యాంక్‌లోనే ఉంచండి. ముప్పై రొయ్యల్లో సగం ఆడవే అనుకున్నా నెలకు రెండు మూడు వందల పిల్లలు పుట్టగలవు. అందులో వందకు ఐదు బతికినా నెలకు పది, పదిహేను కొత్త రొయ్యలు. చెర్రీ రొయ్య ఆయుష్షు ఏడాది నుంచి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు. ముసలివై పోయేవాటి కంటే వచ్చేవి ఎక్కువైతే గుంపు నిలిచినట్టే. ప్రతి పిల్లనూ కాపాడలేకపోతున్నామన్న బాధ అక్కర్లేదు.

చిన్న ట్యాంక్ పెట్టడానికి వీలే లేదంటే గౌరామిని పంపేసి, గప్పీల సంఖ్య తగ్గించి, మాస్ నింపి, ఆరు నెలలు ఓపిక పట్టండి. నెమ్మదిగానైనా అవుతుంది.

పిల్లలు మాయమవడానికి చేపలు కాకుండా ఇంకో దారి ఉంది, ఫిల్టర్. మీ ఫిల్టర్ ఏ రకమో రాయలేదు. నీళ్లు పీల్చే గొట్టానికి చీలికలుంటే పిల్లలు అందులోకి పోతాయి. దానికి సన్నని స్పాంజ్ తొడగండి. ఈసారి ఫిల్టర్ కడిగేటప్పుడు లోపలి పదార్థాన్ని ట్యాంక్ నీళ్లున్న తెల్లటి టబ్బులో జాడించి, పారబోసే ముందు బాగా చూడండి. ఫిల్టర్ లోపల చేపలు లేవు, పాచి కావలసినంత ఉంది, కాబట్టి అక్కడ ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలు దొరకడం వింతేమీ కాదు. మీ తప్పిపోయిన పిల్లల్లో కొన్ని అక్కడే ఉండవచ్చు.

చేపలకు జబ్బు చేసినప్పుడు వేసే మందుల్లో, నత్తలను చంపే మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది. రొయ్యలు దాన్ని తట్టుకోలేవు. సీసా మీద కాపర్ సల్ఫేట్ అని ఉందేమో చదవండి. జబ్బు చేపను వేరే టబ్బులోకి తీసి అక్కడే వైద్యం చేయండి. మొక్కల ఎరువుల్లో ఉండే అతి తక్కువ రాగి, చెప్పిన మోతాదు మించకపోతే, హాని చేయదు. దోమల స్ప్రే, బొద్దింకల మందు ట్యాంక్ ఉన్న గదిలో కొట్టవద్దు. ఎయిర్ పంప్ ఆ గాలినే పీల్చి నేరుగా నీటిలోకి పంపుతుంది.

మేత విషయంలో ఎక్కువ చెప్పేది లేదు. చేపలకు ముందు వేయండి, అవి కడుపు నిండా తిన్నాక రొయ్యల మేత వేయండి. కడుపు నిండిన చేప వేట మానదు గానీ మాస్ చుట్టూ అంత ఓపికగా వెతకదు. రొయ్యలకు వారానికి మూడు నాలుగు సార్లు, రెండు గంటల్లో అయిపోయేంత చాలు. పిల్లల కోసం మెత్తటి పొడి మేత చిటికెడు మాస్ మీద పడేలా చల్లండి. మేత మిగిలిపోతే అద్దం మీద బాణం తలలాంటి మూతితో పాకే తెల్లటి ప్లానేరియా పురుగులు, దారం ముక్కల్లాంటి హైడ్రాలు పుట్టుకొస్తాయి. రెండూ రొయ్యపిల్లలకు శత్రువులే. అవి కనిపించాయంటే మేత ఎక్కువ పడుతోందని అర్థం, ముందు మేత తగ్గించండి.

వేడి 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచగలిగితే రొయ్యలకూ మీ చేపలకూ సరిపోతుంది. 30 దాటితే నీటిలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు నీరసిస్తాయి. అలాంటి రోజుల్లో మూత తీసి, నీటి మీద చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి, ఎయిర్ పంప్ ఆపకుండా నడపండి. ఆవిరైన నీటికి బదులు పోయడానికి మాత్రం మీ ఆర్‌ఓ నీళ్లు చక్కగా పనికొస్తాయి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు ట్యాంక్‌లోనే ఉంటాయి.

అమానో రొయ్యలు వేయవచ్చు. 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి కాబట్టి మీ చేపలు వాటిని పట్టించుకోవు. నాచు తినడంలో వాటికి సాటి లేదు. జపాన్‌కు చెందిన ప్రసిద్ధ అక్వేరియం రూపశిల్పి తకాషి అమానో వాటిని ఈ పనికే ప్రచారంలోకి తెచ్చారు. కానీ వాటి పిల్లల కోసం ఎదురుచూడకండి. అవి వందల సంఖ్యలో గుడ్లు మోస్తాయి, మీకు కనిపిస్తాయి కూడా. ఆ గుడ్లలోంచి వచ్చేవి చెర్రీ పిల్లల్లా కాక తేలియాడే లార్వాలు. పెరగడానికి వాటికి ఉప్పునీరు కావాలి. మంచినీటి ట్యాంక్‌లో కొద్ది రోజులకే చనిపోతాయి. మీకు నచ్చితే రెండు మూడు తెచ్చుకోండి, పాచి మీద చెర్రీ పిల్లలకు పోటీ వస్తుంది కాబట్టి అంతకు మించి వద్దు.

నీలం రొయ్యలను మాత్రం ఈ ట్యాంక్‌లో వేయకండి. మార్కెట్లో దొరికే నీలం, పసుపు, నారింజ రకాల్లో ఎక్కువ భాగం మీ ఎర్రవాటి జాతే, నియోకారిడినా డేవిడీ. రంగులను ఎన్నో తరాలు ఏరి ఏరి నిలబెట్టారు. రెండు రంగులు కలిస్తే ఒకటి రెండు తరాల్లోనే పిల్లలు అడవి రొయ్యల మట్టి రంగుకు, పారదర్శకానికి తిరిగి వెళ్తాయి. ఆ రొయ్యలు ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ మీరు కోరుకున్న ఎరుపూ ఉండదు, నీలమూ ఉండదు. నీలం మీద అంత మనసైతే, ఎర్రవన్నీ పెద్ద ట్యాంక్‌లో స్థిరపడి, చిన్న ట్యాంక్ అవసరం తీరిన తర్వాత, దాన్ని ఖాళీ చేసి నీలం వాటికి ఇవ్వండి. మాస్ ముద్దల్లో ఎర్ర పిల్ల ఒక్కటైనా మిగిలిపోకుండా రెండు వారాలు గమనించి అప్పుడు కొనండి.